నంబరు కలిసినంత మాత్రాన అది అసలు ఇంజిన్ కాదు

సంపాదకులకు,

అయ్యా,

పాత స్పోర్ట్స్ కార్ల వేలాల గురించి, ప్రదర్శనల గురించి పత్రికలు రాసేటప్పుడు ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: ‘ఇంజిన్ నంబరు కాగితాలతో సరిపోయింది, కాబట్టి ఇది ఒరిజినల్ ఇంజిన్.’ ఆ ‘కాబట్టి’ దగ్గరే పేచీ. సుత్తి, పంచ్ చేతిలో ఉన్న ఎవరైనా నంబరు కొట్టగలరు. ఇనుము పోత పోసిన రోజున అచ్చులోనే పడ్డ ఆనవాళ్లను మార్చడం మాత్రం అంత సులువు కాదు. అందుకే ఇంజిన్ పుట్టుక వెతికేవాళ్లు పోతతో మొదలుపెట్టి నంబరు దగ్గరికి చివర్లో వస్తారు. కొనేవాళ్లు, వాళ్ల గురించి రాసేవాళ్లు నంబరుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు.

‘మ్యాచింగ్ నంబర్స్’ అంటే ఇంజిన్ మీదా, ఛాసిస్ (కారు చట్రం) మీదా ఒకే నంబరు ఉండటమని చాలామంది అనుకుంటారు. బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లయిన ట్రయంఫ్ టీఆర్‌లో, ఎమ్‌జీబీలో, జాగ్వార్ ఈ-టైప్‌లో ఇవి వేర్వేరు వరుసలు. ఆ రెండు నంబర్లూ ఫ్యాక్టరీ పుస్తకంలో ఒకే పద్దు కింద ఉన్నాయా అన్నదే అడగాల్సిన ప్రశ్న. ఈ కార్లలో రెండు చోట్లా ఒకే నంబరు కనిపిస్తే సంబరపడేముందు అనుమానించాలి.

ఇంజిన్ మీద గుర్తులు మూడు రకాలు. ఉబ్బెత్తుగా కనిపించే పోత అంకెలు ఆ బ్లాక్ (సిలిండర్లుండే పోత దిమ్మ) ఏ నమూనాదో చెబుతాయి, ఏ కారుదో చెప్పవు. పంచ్‌తో కొట్టిన గుంట అంకెలు ఇంజిన్ బిగించాక పడ్డవి. మూడోది రివెట్లతో బిగించిన రేకు ప్లేటు. ఎక్కువగా మోసపోయేది ఈ మూడోదాని దగ్గరే. రివెట్లు తీసి ప్లేటును ఇంకో బ్లాకుకు మార్చడానికి అరగంట చాలు.

ఎమ్‌జీబీ సంగతే చూడండి. ఇంజిన్ నంబరు ప్లేటు బ్లాక్ కుడి పక్కన రివెట్లతో ఉంటుంది. 1962లో వచ్చిన తొలి ఇంజిన్లకు 18జీ, ఆ తర్వాత 18జీఏ అనే ముందక్షరాలు. ఈ రెండింటిలోనూ క్రాంక్‌షాఫ్ట్‌కు (పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసుకు) మెయిన్ బేరింగులు 3. 1964 చివర్లో వచ్చిన 18జీబీ నుంచి 5. కాబట్టి ప్లేటు చదివి ఊరుకోకుండా ఆయిల్ దించి, సంప్ (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి, మెయిన్ క్యాపులు (ఒక్కో మెయిన్ బేరింగును పట్టి ఉంచే మూతలు) లెక్కపెట్టాలి. ప్లేటు మీద 18జీ అని ఉండి లోపల 5 క్యాపులు కనిపిస్తే ఆ ప్లేటు వేరే ఇంజిన్ నుంచి వచ్చిందన్నమాట. సంప్ గ్యాస్కెట్ ఖర్చు తప్ప ఈ పరీక్షకు ఇంకేమీ కాదు. అయినా చేసేవాళ్లు తక్కువ. ప్లేటు తేడా ఉన్నంత మాత్రాన దొంగతనం అంటగట్టనక్కర్లేదు కూడా. అప్పట్లో ఎమ్‌జీబీ తయారుచేసిన బీఎమ్‌సీ కంపెనీయే అరిగిన ఇంజిన్ తీసుకుని, ‘గోల్డ్ సీల్’ పేరుతో తాను తిరిగి కట్టిన ఇంజిన్ ఇచ్చేది. ఆ ఇంజిన్‌కు వేరే నంబరు ఉండేది.

ఎమ్‌జీ టీసీ, టీడీ కార్లలోని ఎక్స్‌పీఏజీ ఇంజిన్ ఇంకా చిక్కు. బోర్ (సిలిండర్ వ్యాసం) 66.5 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 90 మి.మీ., 1250 సీసీ. దాదాపు ఇదే ఇంజిన్ ఎమ్‌జీ వై-టైప్ సెలూన్‌లోనూ, ఊల్స్‌లీ 4/44 సెలూన్‌లోనూ ఉంది. ఊల్స్‌లీ ఇంజిన్‌కు ఎక్స్‌పీఏడబ్ల్యూ అని వేరే ముందక్షరాలు. స్పోర్ట్స్ కారు బ్లాక్ పగిలినప్పుడు సెలూన్ బ్లాక్ తెచ్చి, దాని మీద పాత ఇత్తడి ప్లేటు బిగించిన ఇంజిన్లు కొత్తేమీ కాదు. నడవడానికి అవి భేషుగ్గా నడుస్తాయి. వాటిని ‘ఒరిజినల్’ అని అమ్మడమే తప్పు.

ఈ ఇంజిన్ వంశాన్ని దాని మరలు (బోల్టుల మీది చుట్లు) చెబుతాయి. ఎక్స్‌పీఏజీలో మరలు మెట్రిక్, బోల్టు తలలు మాత్రం అంగుళాల కొలతైన బ్రిటిష్ విట్‌వర్త్ స్పానర్‌కు సరిపోయేవి. ఈ విడ్డూరానికి కారణం కోవెంట్రీలోని ఇంజిన్ ఫ్యాక్టరీ. అది మొదట ఫ్రాన్స్‌కు చెందిన హాచ్‌కిస్ కంపెనీది. 1923లో బ్రిటిష్ కార్ల కంపెనీ మారిస్ దాన్ని కొన్నాక కూడా యంత్రాలు, మరల కొలతలు అవే కొనసాగాయి. ఇది వినోదానికి చెప్పే ముచ్చట మాత్రమే కాదు. ఈ ఇంజిన్‌లోని 8 మి.మీ. బోల్టుకు మర దూరం (ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య ఎడం) 1 మి.మీ. అంగుళాల కొలతలోని 5/16 అంగుళం యూఎన్ఎఫ్ రకం బోల్టు వ్యాసం 7.94 మి.మీ., మర దూరం 1.06 మి.మీ. ఈ రెండోది మొదటిదాని రంధ్రంలోకి మూడు నాలుగు చుట్లు హాయిగా దిగి ఆ తర్వాత పట్టేస్తుంది. బలవంతం చేస్తే బ్లాకులో మరలు ఊడతాయి. రంధ్రాలన్నింటికీ కొత్త ఇన్సర్టులు (చెడిన మరల చోట బిగించే మర చుట్టలు) కనిపిస్తే, ఆ ఇంజిన్‌ను దాని వంశం తెలియనివాళ్లు ఎప్పుడో విప్పారని అనుకోవచ్చు.

ఇక కొలతలు. స్పార్క్ ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి చెక్క కడ్డీ గానీ మెత్తటి అల్యూమినియం కడ్డీ గానీ దింపి, క్రాంక్‌ను చేత్తో తిప్పుతూ పిస్టన్ అట్టడుగు నుంచి పైకి వచ్చిన దూరం చూస్తే స్ట్రోక్ తెలుస్తుంది. కడ్డీ సిలిండర్‌కు సమాంతరంగా దిగితేనే ఈ లెక్క నిలబడుతుంది. జాగ్వార్ ఈ-టైప్‌లోని ఎక్స్‌కే ఇంజిన్‌లో ప్లగ్గు ఇంచుమించు నడిమధ్యన ఉంటుంది కాబట్టి ఫర్వాలేదు. ఎమ్‌జీబీలో ప్లగ్గు పక్కనుంచి ఏటవాలుగా ఉంటుంది. అక్కడ కొలత తప్పుతుంది, కడ్డీ ఇరుక్కునే ప్రమాదమూ ఉంది.

బోర్ కొలవాలంటే హెడ్ (సిలిండర్ల పైన కూర్చునే భాగం) విప్పక తప్పదు. సెంటీమీటర్లలో బోర్‌ను బోర్‌తో గుణించి, 0.7854తో, స్ట్రోక్‌తో, సిలిండర్ల సంఖ్యతో గుణిస్తే సీసీ వస్తుంది. వచ్చిన అంకె పుస్తకంలోని అంకెతో కలవకపోతే కంగారు పడనక్కర్లేదు. ఎమ్‌జీబీ అసలు బోర్ 80.26 మి.మీ., 1798 సీసీ. బోరింగ్ చేయించి 0.060 అంగుళం పెద్ద పిస్టన్లు వేస్తే బోర్ 81.78 మి.మీ. అయి 1868 సీసీ అవుతుంది. దాన్ని ‘ఫ్యాక్టరీ వాళ్ల ప్రత్యేక రేసింగ్ ఇంజిన్’ అని చెబితే నమ్మకండి.

ట్రయంఫ్ టీఆర్2, టీఆర్3లలో బోర్ చూసి బ్లాక్ గురించి ఏమీ తేల్చలేం. వీటిలో సిలిండర్ లైనర్లు (పిస్టన్ కదిలే విడి గొట్టాలు) చల్లబరిచే నీళ్లలో నిలబడి ఉంటాయి, పైకి లాగేస్తే వచ్చేస్తాయి. స్ట్రోక్ 92 మి.మీ. మారదు. 83 మి.మీ. లైనర్ వేస్తే 1991 సీసీ, 86 వేస్తే 2138. మధ్యలో 85 వేస్తే 2088. ఆ చివరిది స్టాండర్డ్ వాన్‌గార్డ్ సెలూన్ కొలత. ఫెర్గూసన్ ట్రాక్టర్‌కూ ఇదే ఇంజిన్ కుటుంబం పనిచేసింది. ‘టీఆర్‌లో ఉన్నది ట్రాక్టర్ ఇంజిన్’ అనే ఎకసెక్కం అక్కడి నుంచే వచ్చింది, అందులో కొంత నిజం ఉంది. అందువల్ల ఇక్కడ పంచ్ కొట్టిన ముందక్షరాలే ఆధారం: టీఆర్2, టీఆర్3ల నంబరు టీఎస్‌తో మొదలై ఈ-తో ముగుస్తుంది, టీఆర్4కు సీటీ, వాన్‌గార్డ్‌కు వీ. లైనర్లు మార్చినవాళ్లు అడుగున వేసే ఎనిమిది ఆకారపు గ్యాస్కెట్లు సరిగా వేశారో లేదో కూడా హెడ్ విప్పినప్పుడే చూసుకోవాలి. లైనరు అంచు బ్లాక్ పైతలం కన్నా 0.003 నుంచి 0.005 అంగుళం పైకి ఉండాలి. తగ్గితే హెడ్ గ్యాస్కెట్ నిలవదు.

పోత తేదీ విషయంలో అమెరికా కంపెనీ షెవ్రొలే వాళ్లు మేలు చేశారు. కార్వెట్, కమారో కార్లలోని స్మాల్-బ్లాక్ వీ8 (వీ ఆకారంలో 8 సిలిండర్లుండే ఇంజిన్) వెనకవైపు, క్లచ్ హౌసింగ్ బిగించే అంచు దగ్గర పోత అంకెలూ, పోత తేదీ ఉంటాయి. తేదీలో అక్షరం నెల: జనవరికి ఏ, డిసెంబరుకు ఎల్. తర్వాత రోజు, ఆపైన సంవత్సరపు చివరి అంకె. ‘సీ 14 7’ అంటే మార్చి 14. సంవత్సరం 1967 కావచ్చు, 1957 గానీ 1977 గానీ కూడా కావచ్చు. ఏదో తేల్చేది పోత నంబరు. అదీ ఒక్కోసారి చేతులెత్తేస్తుంది. 3970010 అనే బ్లాక్ 1969 నుంచి చాలా ఏళ్లు వాడారు. 302, 327, 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్లకు అదే బ్లాక్. మూడింటికీ బోర్ 4 అంగుళాలే. తేడా అంతా స్ట్రోక్‌లో: 3, 3.25, 3.48 అంగుళాలు. కమారో జెడ్28లో వచ్చిన 302 ఖరీదైనది, మామూలు 350 అంతటా దొరికేది. బ్లాక్ నంబరు చూపించి 302 అని అమ్మితే క్రాంక్ ఏదో అడగండి.

ఇంజిన్ ముందు కుడివైపు, హెడ్ అంచు కింద చిన్న చదును ఉంటుంది. అక్కడ ఫ్లింట్ ఫ్యాక్టరీకి వీ, టోనావాండాకు టీ అనే అక్షరం, బిగించిన నెల, రోజు, ఇంజిన్ రకం పంచ్ కొట్టి ఉంటాయి. పోత ముందు, బిగింపు తర్వాత, కారు తయారీ ఆ తర్వాత. ఈ వరుస తారుమారైతే ఎంత అందంగా కొట్టిన నంబరైనా దొంగదే. ‘సీఈ’ అని కనిపిస్తే మాత్రం వారంటీ కింద కంపెనీ ఇచ్చిన మార్పిడి బ్లాక్. అది నిజాయితీ ఉన్న ఇంజిన్, కానీ కారుతో పుట్టింది కాదు.

ఈ చదును హెడ్ కూర్చునే తలంతో పాటే ఫ్యాక్టరీలో చెక్కినది. అందుకే దాని మీద సన్నని సమాంతర గీతలు ఒకే దిశలో ఉంటాయి. బ్లాక్ పైతలం వంకర తీయించినప్పుడు నంబరు కూడా చెరిగిపోతుంది, అందులో ఎవరి కుట్రా ఉండదు. మళ్లీ కొట్టిన నంబరును పట్టిచ్చేవి ఆ గీతలే: గుండ్రంగా తిరిగిన అరగదీత, గీతలే లేని నున్నటి మెరుపు, చుట్టూ తుప్పు గుంటలుండి అంకెల అడుగున మాత్రం తాజా లోహం. అంకెలు వంకరటింకరగా ఉండటం మాత్రం లోపం కాదు. చాలాచోట్ల కార్మికుడు ఒక్కో అంకె చేత్తో కొట్టాడు.

అందుకే శుభ్రం చేసే చేతికి ఓపిక కావాలి. గ్రైండర్‌కు బిగించిన తీగ బ్రష్షు, ఇసుక బ్లాస్టింగ్, గరుకు కాగితం అక్కడికి రానివ్వకూడదు. అవి ఆ గీతలనే మింగేస్తాయి. గ్రీజు వదిలించే ద్రవం పూసి నానబెట్టి, నైలాన్ బ్రష్షుతో రుద్ది, పాత రంగును రిమూవర్‌తో వదిలించి, చెక్క పుల్లతో గీకాలి. తర్వాత టార్చిని పక్కనుంచి నేలబారుగా పట్టి, రెండు మూడు దిశల నుంచి ఫొటోలు తీయాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే గుంటలు కనబడవు. చెరిగిన అంకెలు ఆమ్లంతో తేలతాయని ఎవరో చెబితే ఇంట్లో ప్రయత్నించకండి. మిగిలిన సాక్ష్యం కూడా కరిగిపోతుంది.

జాగ్వార్ ఈ-టైప్‌లో ఇంజిన్ నంబరు రెండు చోట్ల ఉంటుంది: బ్లాక్ కుడిపక్కన ఆయిల్ ఫిల్టర్ పైన, హెడ్ ముందు భాగంలో. రెండూ ఒకటే కావాలి. అల్యూమినియం హెడ్ తుప్పు తిని, వేడికి వంగి మార్చాల్సి వచ్చినవి చాలా ఉన్నాయి కాబట్టి తేడా వస్తే హెడ్ మారిందని రాయాలి, ఇంజిన్ దొంగదని కాదు. 1961 నాటి 3.8 లీటర్ల కారుకు ముందక్షరం ఆర్, 4.2కు 7ఈ, రెండో సిరీస్‌కు 7ఆర్. 7ఎల్ అని ఉంటే అది ఎక్స్‌జే6 సెలూన్ ఇంజిన్. చివర అంకె 8 గానీ 9 గానీ ఉంటే అది కంప్రెషన్ నిష్పత్తి. ఎక్స్‌కే ఇంజిన్ రకాలైన 3.4, 3.8, 4.2 మూడింటికీ స్ట్రోక్ 106 మి.మీ.యే కనుక కడ్డీ పరీక్ష ఇక్కడ వీటిని విడదీయలేదు. బోర్లు 83, 87, 92.07. హెడ్ విప్పితే 4.2ను కంటితోనే పట్టేయవచ్చు. పెద్ద బోర్లు అదే పొడవులో ఇరికించడానికి చివరి రెండు సిలిండర్లను బయటికి, నడిమి రెండింటిని దగ్గరికి జరిపారు, హెడ్‌లోని దహన గదులను జరపలేదు. రెండూ సరిగ్గా ఎదురెదురుగా కూర్చోవు.

లోటస్ ఎలాన్ లాంటి వాటిలో ఒకే ఇంజిన్‌కు రెండు పుట్టుకలు. కింద ఫోర్డ్ బ్లాక్, పైన లోటస్ వాళ్ల రెండు కామ్‌షాఫ్టుల (వాల్వులు తెరిచే ఇరుసుల) అల్యూమినియం హెడ్. ఫోర్డ్ కామ్‌షాఫ్ట్ ఉండాల్సిన చోట ఇప్పుడొక షాఫ్ట్ ఆయిల్ పంపు, డిస్ట్రిబ్యూటర్ లాంటివి తిప్పడానికే తిరుగుతుంటుంది. అక్కడ పైదీ కిందిదీ విడివిడిగా వెతకాలి.

చివరగా కాగితాలు. జాగ్వార్ కార్లకు జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్, ఎమ్‌జీ, ట్రయంఫ్ లాంటి వాటికి గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఫ్యాక్టరీ పుస్తకాల నుంచి ధ్రువపత్రాలు ఇస్తాయి. ఆ పత్రం చెప్పేది కారు ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున అందులో ఏ ఇంజిన్ ఉందో అన్న సంగతి. ఇప్పుడు బానెట్ కింద ఉన్నది అదేనని ఆ పత్రం ఎక్కడా అనదు. వేలంవాళ్ల ప్రకటనలు మాత్రం అలా అన్నట్టే చదివిస్తాయి.

కాబట్టి మీ విలేకరులకు ఒక విన్నపం. ‘ఒరిజినల్’ అనే ఒక్క మాటకు బదులు మూడు మాటలు వాడండి: కారుతో పుట్టిన ఇంజిన్, కంపెనీ మార్పిడి ఇంజిన్, ఆ కాలపు అదే రకం ఇంజిన్. పోత తేదీ, పంచ్ నంబరు రెండూ చూశామని రాయగలిగినప్పుడే మొదటి మాట రాయండి. ఫొటో వేస్తే నంబరులో చివరి మూడు అంకెలు కప్పేయండి. పూర్తి నంబరు అచ్చయితే వేరే బ్లాక్ మీద అదే నంబరు కొట్టేవాళ్లకు నమూనా దొరికినట్టే.

ఇట్లు,
పాత ఇంజిన్ల పని తెలిసిన మీ పాఠకులు