విశాఖ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ: మన ప్రధానుల కోసం ఒక గది కావాలి

కలెక్టర్ గారూ, నమస్కారం.

నేను గాజువాకలో పిల్లలకు సోషల్ ట్యూషన్ చెబుతాను. మొన్న ఏడో తరగతి అమ్మాయి నెహ్రూ నుంచి ప్రధానుల పేర్లన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. "వాళ్లలో మన ఊరికి వచ్చినవాళ్లెవరమ్మా?" అని అడిగితే, నోట్‌బుక్ అంచు మడత పెడుతూ తల దించుకుంది. వాళ్ల నాన్న పనిచేసేది స్టీల్ ప్లాంటులోనే!

1948 మార్చి 14న నెహ్రూ ఇక్కడికొచ్చి, మన షిప్‌యార్డులో కట్టిన 'జల ఉష' ఓడను నీళ్లలోకి దించారు. 32 మంది ప్రాణాలిచ్చిన ఉక్కు ఉద్యమం తర్వాత, 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వచ్చి ప్లాంటుకు శంకుస్థాపన చేశారు. ఆవిడే 1975లో ఎమర్జెన్సీ పెట్టారు. పిల్లలకు రెండూ చెప్పాలండీ, ఏదీ దాచకూడదు.

రైల్వే మంత్రిగా ఉండగా, 1956లో అరియలూరు ప్రమాదానికి బాధ్యత వహించి రాజీనామా చేసిన శాస్త్రి గారి గురించి చెబితే పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. ఇక మన పీవీ. 1991లో పూర్తి మెజారిటీ లేదు, ఖజానాలో విదేశీ డబ్బు కొన్ని వారాల దిగుమతులకే సరిపోయేంత. అయినా మన్మోహన్ సింగ్‌ను ఆర్థిక మంత్రిగా తెచ్చుకుని దేశాన్ని గట్టెక్కించారు. నంద్యాలలో 5 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచిన తెలుగువాడాయన.

బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఒక్క గది ఇప్పించండి. ఫొటోలు, తెలుగులో నాలుగు మాటలు చాలు. మొదటి రోజే మా పిల్లల్ని తీసుకొస్తాను.

ఇట్లు,
గాజువాక ట్యూషన్ టీచర్