రెండో బాణం గీయించినవారికి కృతజ్ఞతలు

నా కంపైలర్ పాస్ (కోడ్‌ను మార్చే ఒక దశ) ఇచ్చిన కోడ్‌ను ఎల్‌ఎల్‌వీఎమ్ (కంపైలర్లు కట్టే సాధనాల సముదాయం) వెరిఫయర్, అంటే కోడ్ నియమాల ప్రకారం ఉందో లేదో చూసే భాగం, మూడు రోజులు తిప్పికొట్టింది. ఏ బ్లాకు (వరుసగా నడిచే ఆదేశాల గుంపు) నుంచి వచ్చామో చూసి విలువను ఎంచేది ఫై నోడ్; ముందున్న ప్రతి బ్లాకుకూ అందులో ఒక పద్దు ఉండాలంటుంది. ఉంది కదా అనుకున్నాను! పేరు చెప్పని మీరు, బ్లాకుల మధ్య దారులన్నీ కాగితం మీద బాణాలుగా గీయమన్నారు. అప్పుడు తెలిసింది: స్విచ్‌లోని (విలువను బట్టి దారి ఎంచే ఆదేశం) రెండు కేసులను నా పాస్ ఒకే బ్లాకుకు మళ్లిస్తోంది. బయలుదేరే బ్లాకు ఒకటే అయినా బాణాలు రెండు. ఫై నోడ్‌లో అదే విలువతో పద్దులూ రెండు ఉండాలి. నేను ఒకటే రాశాను.

విసిగి వెరిఫయర్‌నే ఆపేయబోతుంటే వద్దన్నారు. ఆ ఒక్క మాటకే మీకు ఎంతో రుణపడ్డాను. ఇక్కడ పట్టుబడని తప్పు ఆప్టిమైజర్ (కోడ్‌ను మెరుగుపరిచే భాగం) దాటాక ఎక్కడ తేలేదో! సరిచేశాను, ఆ స్విచ్‌కు ఒక పరీక్ష కూడా చేర్చాను. మీ ఓపికకు మనసారా నమస్కారాలు.