ఎన్‌ఐఆర్ స్కానర్‌కు కనబడని నల్ల ప్లాస్టిక్

సంపాదకులకు నమస్కారం.

కూరగాయ మీద పెట్టి మీట నొక్కితే చాలు, మైక్రోప్లాస్టిక్ (5 మిల్లీమీటర్లకన్నా చిన్న ప్లాస్టిక్ ముక్కలు) ఉందో లేదో తేలిపోతుందని ఎన్‌ఐఆర్ (కంటికి కనబడని సమీప పరారుణ కాంతి) స్కానర్ల గురించి ఈమధ్య ప్రచారం ఎక్కువైంది. వరంగల్ రైతుబజార్లలో ఒకటి పెడితే బాగుండుననేవారూ ఉన్నారు. కొనేముందు అది దేన్ని పట్టుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో తెలుసుకోవడం మంచిది.

ఈ పరికరం 780 నుంచి 2500 నానోమీటర్ల మధ్య కాంతితో పనిచేస్తుంది. పాలిథిన్ 1210 దగ్గర, 1730–1760 మధ్య ఆ కాంతిని పీల్చుకుంటుంది. ఆ గుర్తులతోనే ప్లాస్టిక్ రకాన్ని పోలుస్తారు. అసలు చిక్కు నీటితో. నీరు 1450, 1940 దగ్గర గట్టిగా పీల్చేస్తుంది. పాలకూరలో తొంభై శాతం నీళ్లే. అంత నీటి ముందు కంటికి ఆనని ముక్క సిగ్నల్ ఏ మూలకు? పైగా ఆకు మీది మైనం, చేపలోని కొవ్వు కూడా పాలిథిన్ పీల్చే చోటే పీల్చుకుంటాయి. బాగా కొవ్వు పట్టిన బొచ్చె చేపను పాలిథిన్ అని చూపినా ఆశ్చర్యం లేదు.

అందుకే ముందు ఆహారాన్ని కరిగించి, మిగిలినదాన్ని వడగట్టి, ఆరిన ఫిల్టర్‌ను స్కాన్ చేయాలి. చేపకైతే 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం కనీసం మూడు రెట్లు పోసి, 40 డిగ్రీల దగ్గర రెండు రోజులు ఉంచాలి. తొందరపడి వేడి 60 దాటిస్తే పాలిస్టర్ కూడా దెబ్బతింటుంది. ఆకుకూర పీచు దీనికి లొంగదు. దానికి 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, కొద్దిగా ఫెర్రస్ సల్ఫేట్ కావాలి. ఇది ఒక్కసారిగా నురగ కట్టి పొంగుతుంది కాబట్టి ఐసు తొట్టి పక్కనే ఉండాలి. తర్వాత బరువైన ద్రావణంలో ప్లాస్టిక్ ముక్కలను తేల్చి వేరుచేయాలి. ఉప్పు నిండా కరిగించిన నీటి సాంద్రత కూడా 1.2 (మామూలు నీటికి 1) మాత్రమే, 1.38 ఉండే పెట్ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) అందులో అడుగునే ఉండిపోతుంది. జింక్ క్లోరైడ్‌తో 1.6 దాకా తెస్తే అదీ తేలుతుంది. కాగితపు ఫిల్టర్ తన సెల్యులోజ్ గుర్తును తానే చూపిస్తుంది, గ్లాస్ ఫైబర్ వాడాలి. ఆకుల పైన అంటిన ముక్కలే కావాలనుకుంటే ఇంత శ్రమ అక్కర్లేదు. వడగట్టిన నీటితో కడిగి, ఆ కడుగునీటిని వడపోస్తే సరిపోతుంది. ఎన్‌ఐఆర్ బాగా అక్కరకొచ్చేది ఇక్కడే.

ఇన్ని చేసినా నల్ల ప్లాస్టిక్ దగ్గర ఆగిపోవాల్సిందే. అందులో కలిపే కార్బన్ బ్లాక్ అనే మసి పొడి కాంతినంతా మింగేస్తుంది, వెనక్కి ఏమీ రాదు. మన మిర్చి, టమాట తోటల్లో పరిచే మల్చింగ్ షీటు పైన వెండిరంగు, కింద నలుపు. డ్రిప్ పైపులూ నల్లవే. పంట అయ్యాక షీటు చిరిగి మట్టిలో కలిసే ముక్కలే మన పొలాల్లో ముందుగా అనుమానించాల్సినవి. పరికరం వదిలేసేదీ వాటినే! చెత్తను వేరుచేసే కేంద్రాల్లోని ఎన్‌ఐఆర్ యంత్రాలకూ ఇదే తంటా. నల్ల ముక్కలను విడిగా ఏరి ఎఫ్‌టీఐఆర్‌తో (ఇంకా పొడవైన తరంగాల పరారుణ కాంతితో పనిచేసే పరికరం) చూడాలి. కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు) ముక్కలకు లేజర్ కాంతితో పదార్థాన్ని గుర్తించే రామన్ సూక్ష్మదర్శిని కావాలి.

ఆహారంలో మైక్రోప్లాస్టిక్ ఇంత దాటకూడదన్న పరిమితి మన దేశంలో ఇంకా లేదు. పరీక్షా పద్ధతులు ఖరారు చేయడానికే కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024లో ఒక ప్రాజెక్టు మొదలుపెట్టింది. ఈలోగా ఏ ల్యాబు ‘కిలోకు ఇన్ని ముక్కలు’ అని రిపోర్టు ఇచ్చినా, చూసిన అతి చిన్న సైజు ఎంత, నమూనా లేకుండా చేసిన ఖాళీ పరీక్షలో ఎన్ని వచ్చాయి, తెలిసిన ముక్కలు కలిపి చూస్తే ఎన్ని తిరిగి దొరికాయి, నల్లవాటిని లెక్కించారా అని అడగండి. ఖాళీ పరీక్ష ముఖ్యం. వాడే ఉప్పులో, సిబ్బంది పాలిస్టర్ బట్టల్లో, గదిలోని దుమ్ములో కూడా ప్లాస్టిక్ ఉంటుంది. ఈ నాలుగూ రాయని రిపోర్టును పట్టుకుని ఫలానా ఊరి మిర్చి, ఫలానా చెరువు చేప పనికిరాదని పత్రికలు వార్త వేయకూడదని మా మనవి.

— ఆహార పరీక్షల రంగంలో పనిచేస్తున్న కొందరు,
హనుమకొండ