ప్రాగ్ ట్రిప్ ఇక ఆది, సోమ వారాల్లోనే

అందరికీ నమస్కారం. బెర్లిన్ నుంచి శని, ఆది వారాల్లో నేను తీసుకెళ్ళే ప్రాగ్ ట్రిప్‌కి మొన్న వచ్చినవాళ్ళకు జరిగింది తెలుసు. మిగతావాళ్ళు మన వాట్సాప్ గ్రూపులో ముక్కలు ముక్కలుగా చదివారు కాబట్టి మొత్తం నేనే రాస్తున్నా.

బెర్లిన్‌లో శనివారం పొద్దున 6కి రావాల్సిన బస్సు 11 దాటాక వచ్చింది. 31 మందిమి, అందులో ఊర్నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు తొమ్మిది మంది, చలిలో ఫుట్‌పాత్ మీద. బస్సాయన మొదట ఫోన్ ఎత్తలేదు, ఎత్తాక ఇరవై నిమిషాలన్నాడు, ఆ ఇరవై నిమిషాలే ఐదుసార్లు చెప్పాడు, చివరికి తేలిందేమిటంటే మన బస్సుని ఇంకో పెద్ద గ్రూపుకి పంపేసి మనకు వేరేది వెతుకుతున్నాడట! రెండేళ్ళుగా అతనికే బేరం ఇచ్చాను, ఒక్కసారి కూడా అడ్వాన్స్ ఆపలేదు. పొరపాటైంది అన్న మాట అతని నోటి నుంచి ఇప్పటికీ రాలేదు. ప్రాగ్‌లో మధ్యాహ్నానికని చేసిన పులిహోర ఆ ఫుట్‌పాత్ మీదే అయిపోయింది.

చేరేసరికి సాయంత్రం. ప్రాగ్ కోటలోని పెద్ద చర్చి, సెయింట్ విటస్ కెథీడ్రల్, మూసేశారు. ఆదివారం పొద్దున అక్కడ ప్రార్థనలు, మధ్యాహ్నం 12 దాకా మనలాంటివాళ్ళను లోపలికి పంపరు, మన బస్సేమో ఒంటిగంటకు బయల్దేరాలి. 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తి చేసిన గుడిని బయటనుంచి చూపించి తీసుకొచ్చాను. ఒకరు గ్రూపులో "గడియారం చూపించి వెనక్కి తెచ్చారు" అని రాశారు. పాత టౌన్ హాల్ గోడకున్న 1410 నాటి గడియారం అండీ అది, ఇప్పటికీ గంట గంటకూ అందులోని అస్థిపంజరం బొమ్మ తాడు లాగి గంట కొడుతుంది. సరే, షో నిమిషం కూడా ఉండదు, ఒప్పుకుంటాను. కానీ ఆ రాత్రి చార్లెస్ బ్రిడ్జి మీద 30 విగ్రహాల పక్కనుంచి అందరం నడిచిన సంగతి ఆయన రాయలేదు.

బస్సు వదిలేయడానికి పెద్దగా ఆలోచించలేదు. ఇక రైల్లోనే, డ్రెస్డెన్ దాటాక ఎల్బే నది ఒడ్డునే వెళ్తుంది. జర్మన్ రైళ్ళు టైముకొస్తాయా అని నవ్వకండి, కనీసం మన రైలుని ఇంకో గ్రూపుకి ఇచ్చేయరు.

మూడు వారాలు నిద్రపట్టనిది రోజుల విషయంలో. యూదుల పేటలో మ్యూజియం, పాత శ్మశానం శనివారం పూర్తిగా మూసేస్తారు. అందుకని శనివారం కోట, ఆదివారం ఆ పేట అని పెట్టుకున్నాను. శనివారం ఆలస్యమైతే కోట పోయినట్టే, రెండో అవకాశం లేదు. అది తెలిసీ నెట్టుకొచ్చాను, ఆ తప్పు బస్సాయనది కాదు, నాది. శుక్రవారం రాత్రే వెళ్దామంటే ఇంకో రాత్రి హోటల్, స్టూడెంట్లకు భారం. ఆది, సోమ వారాలైతే కెథీడ్రల్ ఆదివారం మధ్యాహ్నం నుంచి, సోమవారం పొద్దున్నుంచి తెరిచే ఉంటుంది, యూదుల పేట రెండు రోజులూ. ఏది తప్పినా ఇంకో రోజు ఉంది. కానీ సోమవారం లీవు పెట్టాలి. "లీవు అక్కర్లేని ట్రిప్" అని గొప్పగా చెప్పుకున్నది నేనే కదా, ఆ మాట తీసేయడానికే చేతులు రాలేదు. కొందరు రాలేరు, తెలుసు. అయినా ఆ పేటలోని యూదుల ప్రార్థనా మందిరం, పింకస్ సినగాగ్, గోడల మీద రాసిన, నాజీల చేతిలో చనిపోయిన దాదాపు 78 వేల మంది యూదుల పేర్ల ముందు మిమ్మల్ని పదండి పదండి అని తోలడం నా వల్ల కాదు.

ధర పెంచడం లేదు. మొన్న వచ్చినవాళ్ళకు మనిషికి 40 యూరోలు ఈ శుక్రవారం లోపు వేస్తాను, బస్సాయన ఇచ్చినా ఇవ్వకపోయినా. పెద్దవాళ్ళు కోట మెట్లెక్కక్కర్లేదు, ఎప్పటిలాగే 22 నంబర్ ట్రామ్‌లో పైకి వెళ్తాం. పులిహోర రైల్లోకీ వస్తుంది, ఈసారి రెండు డబ్బాలు ఎక్కువే. గడియారం గురించి రాసినాయన కూడా రావచ్చు, కెథీడ్రల్ లోపలికి మొదట ఆయన్నే పంపిస్తాను.