కిలోలకూ టన్నులకూ మధ్య ఒక దుబాసీ

తిరుపతి

ప్రియమైన మిత్రమా,

చిత్తూరు నుంచి నీవు రాసిన ఉత్తరం నిన్న అందింది. డేటాను తెరకు నేరుగా బైండ్ చేసే (ముడివేసే) వీలుండగా నడుమ ఈ వాల్యూ కన్వర్టర్ దేనికని అడిగావు. నిరుడు మామిడికాయల కాలంలో ఇదే విషయం నన్ను చాలా బాధపెట్టింది కనుక కాస్త వివరంగానే రాస్తున్నాను.

2006లో డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ 3.0తో వచ్చిన, విండోస్ ప్రోగ్రాములకు తెరలు కట్టే మైక్రోసాఫ్ట్ సాధనం డబ్ల్యూపీఎఫ్‌లో కన్వర్టర్ చేసేది దుబాసీ పని. డేటా భాష ఒకటి, తెర భాష మరొకటి అయినప్పుడు, ఐవాల్యూకన్వర్టర్‌లోని కన్వర్ట్ అనే మెథడ్ డేటాను తెరకు చేరవేస్తుంది, కన్వర్ట్‌బ్యాక్ తెరపై మార్చినదాన్ని తిరిగి డేటాకు చేరవేస్తుంది. ‘బకాయి ఉందా’ అనే బూలియన్‌కు ట్రూ, ఫాల్స్ అని రెండే జవాబులు. గడి తెరపై కనిపించాలా వద్దా అని చెప్పే విజిబిలిటీకి మాత్రం విజిబుల్, హిడెన్, కొలాప్స్‌డ్ అని మూడు స్థితులు. డబ్ల్యూపీఎఫ్‌తోపాటే వచ్చే బూలియన్‌టువిజిబిలిటీకన్వర్టర్ ‘ఫాల్స్’ను కొలాప్స్‌డ్‌గా మారుస్తుంది, అంటే ఆ గడి తన చోటును కూడా వదిలేస్తుంది, చోటు మిగలాలంటే హిడెన్ ఇచ్చే కన్వర్టర్‌ను మనమే రాసుకోవాలి. ఇంతవరకు సులువే.

అసలు కష్టం కన్వర్ట్‌బ్యాక్‌లో ఉంది. తోతాపురి కాయల లోడ్లు తూచే ఒక కాటా కోసం నేను రాసిన ప్రోగ్రాములో బరువు కిలోల్లో భద్రమయ్యేది, తెరపై టన్నుల్లో, ఒకే దశాంశ స్థానంతో కనిపించేది. ఒకనాడు 12,540 కిలోల లోడు 12.5గా కనిపించింది. గుమాస్తా పొరపాటున ఒక అంకెను చెరిపి, మళ్లీ అదే అంకెను కొట్టి పక్క గడికి వెళ్లాడు. టెక్స్ట్‌బాక్స్ బైండింగ్ మామూలుగా ఫోకస్ వదలగానే డేటాను తిరగరాస్తుంది గనుక, నా కన్వర్ట్‌బ్యాక్ ఆ 12.5ను వెయ్యితో హెచ్చించి 12,500 అని రాసేసింది. రైతు పండించిన నలభై కిలోలు లెక్కలో లేకుండా పోయాయి. ఆయన తన కాటా చీటీ తెచ్చి చూపబట్టి బయటపడింది, లేకుంటే నాకు తెలిసేదే కాదు. నాటి నుంచి కుదించి చూపే విలువకు బైండింగ్‌ను వన్‌వేగానే, అంటే డేటా నుంచి తెరకు మాత్రమే సాగేలా, ఉంచుతున్నాను. దిద్దే గడిలో కిలోలనే పూర్తిగా చూపుతున్నాను.

గడిని ఖాళీగా వదిలినప్పుడు కన్వర్టర్ ఎక్సెప్షన్ (పొరపాటు సంకేతం) విసరకుండా చూడు. నీ కన్వర్టర్ విసిరినదాన్ని బైండింగ్ ఇంజిన్ పట్టుకోదు, ప్రోగ్రామే ఆగిపోవచ్చు. దానికి బదులు కన్వర్ట్‌బ్యాక్ ‘విలువ లేదు’ అని చెప్పే అన్‌సెట్‌వాల్యూను తిరిగి ఇస్తే పాత బరువు చెదరదు, గడి చుట్టూ ఎర్రగీత కూడా పడుతుంది.

చెల్లింపుల తెరలో 12,50,000 అని రావలసిన మొత్తం 1,250,000 అని వచ్చేది. కంప్యూటర్‌లో భారతదేశపు అమరికలే ఉన్నా బైండింగ్ వాటిని చూడదు; ఎలిమెంట్‌కున్న లాంగ్వేజ్ ప్రాపర్టీనే చూస్తుంది, మనం మార్చకపోతే అందులో ఉండేది అమెరికా ఇంగ్లీషు. కన్వర్టర్‌కు నాలుగో ఆర్గ్యుమెంటుగా అందే కల్చర్ (భాష, దేశపు అమరిక) కూడా అదే. బైండింగ్‌లో కన్వర్టర్‌కల్చర్‌ను ‘ఈఎన్-ఐఎన్’ (భారత ఇంగ్లీషు)గా పెట్టాక లక్షలు లక్షల్లాగే కనిపించాయి.

నీ ప్రోగ్రాములో ఇటూ అటూ సాగే టూవే బైండింగ్ ఉన్న గడులేవో, వాటి కన్వర్ట్‌బ్యాక్ ఎలా రాశావో తిరుగుటపాలో పంపు. వచ్చే ఆదివారం నేనే చిత్తూరు వస్తాను. ఈలోగా ఒక్కొక్క గడిలో ఒక అంకె చెరిపి, మళ్లీ కొట్టి, లోపల కిలోలు మారుతున్నాయేమో చూసి ఉంచు.

నీ మిత్రుడు