మా కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక: థర్మాకోల్ ఊరు, పార్కు వెనక గేటు

సభ్యులందరికీ నమస్కారం. వినాయక చవితి ఎప్పట్లాగే బాగా జరిగింది, వీధి దీపాలు మార్పించాం, జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి. ఇక మిగిలిందంతా థర్మాకోల్ ఊరి కథే.

వేసవి సెలవుల్లో పిల్లలతో ఒక నమూనా ఊరు చేయిద్దామనుకున్నాం, బండి తియ్యకుండా నడిచి పనులు చేసుకోగలిగే ఊరన్నమాట. మీటరుకి ఒక మిల్లీమీటరు లెక్క. పెద్దవాళ్లం ముందు గీసిందేమిటంటే వెడల్పాటి రోడ్లు, పైన ఒక ఫ్లైఓవర్! దానిమీద నడిచి కూరగాయలకి ఎవరెళ్తారని ఏడో తరగతి పాప అడిగాక పీకేశాం.

తర్వాత దారం పరీక్ష. మామూలు నడకకి ఐదు నిమిషాల్లో 400 మీటర్లు వెళ్తాం, అంటే షీటు మీద 40 సెంటీమీటర్లు. అంత దారం కత్తిరించి ప్రతి ఇంటి నుంచి బడికి, కిరాణా కొట్టుకి, బస్టాపుకి లాగి చూశాం. అన్నీ అందేశాయి, చప్పట్లు కొట్టేసుకున్నాం. అయితే మనుషులు ఇళ్ల మీంచి ఎగిరి వెళ్లరు కదా, దారాన్ని వీధుల వెంట వంచేసరికి చాలా ఇళ్లు తప్పిపోయాయి. తప్పు దూరానిది కాదు, మేమే ఎక్కడికక్కడ సందు మూసేసి గోడ కట్టాం. 2016లో పారిస్ ప్రొఫెసర్ కార్లోస్ మొరేనో చెప్పిన 15 నిమిషాల నగరం (కావలసినవన్నీ ఇంటి నుంచి పావుగంటలో నడిచో సైకిల్ మీదో అందే ఊరు) గురించి అందరం గొప్పగా మాట్లాడుకుంటున్నాం గానీ, మన విజయనగరం గంటస్తంభం దగ్గర పాత వీధుల్లో ఒక సందులో దూరితే ఇంకో సందులో తేలుతాం. అక్కడ కరువైంది నడిచే జాగా. పైడితల్లమ్మ సిరిమాను జాతర రోజున గుడి నుంచి కోట దాకా రోడ్డంతా మనుషులదే, మర్నాటి నుంచి మళ్లీ కాలవ పలకల మీద నడక.

ఆ జాగా ఎంతుండాలో చూద్దామని ఒక వీధిని పెద్దది చేసి కట్టాం. రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రకారం ఏ అడ్డూ లేని ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్లు. కారు వెడల్పూ ఇంచుమించు అంతే. ఒక బాబు అట్ట కారు తెచ్చి ఫుట్‌పాత్ మీద పెడితే అచ్చంగా సరిపోయింది. "మా డాడీ ఇలాగే పెడతారు" అన్నాడు. ఎవరబ్బాయో ఇక్కడ రాయను.

ఇదంతా చూసి వెనక వరస మామ్మగారు ఒకటే అడిగారు: "బొమ్మూరు బాగుంది బాబూ, మరి నాను ఈ పార్కు గోడ సుట్టూ ఎన్నాళ్లు తిరగాల?" మన కాలనీ మ్యాపు మీద దారం వేసి చూస్తే ఆవిడ మాట నిజమే. అక్కడ గేటు పెడదామంటే దొంగల భయమని కొందరు, కుర్రాళ్లు చేరతారని కొందరు, రెండు మీటింగులు వాదనలతోనే అయిపోయాయి. చివరికి గోడ కొట్టి వెనక గేటు పెట్టాం. ఉదయం 5 నుంచి రాత్రి 9 దాకా తీసే ఉంటుంది.

మధ్యలో స్తంభం పాతినా కొందరు బైకు దూర్చేస్తున్నారు. వీల్‌చెయిర్ పట్టాలి కాబట్టి ఇంతకన్నా ఇరుకు చెయ్యలేం. దిగి, తోసుకెళ్లండి.

ఇట్లు,
కార్యదర్శి