ఎర్ర గుర్తు కనబడితే ఫార్మాటేనా?

సంపాదకుల వారికి,

చిత్తూరులో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు దగ్గర్లో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. క్రయ దస్తావేజులు, దాన సెటిల్‌మెంట్లు, మామిడి తోటల గుత్త అగ్రిమెంట్లు టైపు చేయడం మా పని. కంప్యూటర్ రిపేరు మా పని కాదు. అయినా ఈ మధ్య దస్తావేజు పనికి వచ్చినవాళ్లలో కొందరు పక్కన కూర్చుని, "అమ్మా, మా సిస్టంలో ఇండెక్స్ ఎర్రర్ అంట, హార్డ్‌డిస్క్ పోయిందంట, ఫార్మాట్ కొట్టాలంట, నిజమేనా?" అని అడుగుతున్నారు. ఫార్మాట్ అంటే డిస్క్‌లో ఉన్నదంతా చెరిపేయడం. ఏ ఎర్రరో, ఏ ఇండెక్సో వాళ్లకు ఎవరూ చెప్పరు. చెప్పేవాళ్లకైనా తెలుసా అని నా అనుమానం.

ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారి సంగతే చూడండి. వాళ్ల వంశవృక్షం, పెన్షన్ కాగితాల స్కాన్లు, మనవరాలి ఫొటోలు అన్నీ ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి. వెతుకుడు పెట్టెలో పేరు కొడితే ఫైలు రావడం లేదని ఒక రిపేరు షాపుకు తీసుకెళ్లారు. అక్కడి కుర్రాడు కంప్యూటర్‌లో ఏం జరిగిందో రాసి ఉండే చిట్టాలను, అంటే లాగులను, చూపించే ఈవెంట్ వ్యూయర్ అనే విండోస్ ప్రోగ్రాం తెరిచి ఎర్ర గుర్తులు చూపించి, డేటా మీద ఆశ వదులుకోమన్నాడట. ఆయన సీపీయూ ఆటోలో వేసుకుని మా దగ్గరికి వచ్చారు. ప్రోగ్రాముల సంగతులు పడే అప్లికేషన్ లాగ్ తెరిచి చూస్తే ఆ ఎర్ర లైనుకు సోర్స్ అన్న చోట సెర్చ్ అని, నంబరు 7040 అని ఉంది. దాన్ని పూర్తిగా చదివితే సగం టెన్షన్ అక్కడే పోతుంది. వెతుకుడు ఇండెక్స్‌లో చెడిన డేటా కనబడింది, దాన్ని మళ్లీ కట్టి సరిచేయడానికి ప్రయత్నిస్తాను అని సెర్చ్ సర్వీసు తనే చెబుతోంది. కంట్రోల్ ప్యానెల్‌లో ఇండెక్సింగ్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్, అందులో రీబిల్డ్ నొక్కి రాత్రంతా వదిలేశాం. పొద్దున్నే ఆయన ఫైళ్లన్నీ పేరు కొట్టగానే వచ్చాయి. అవి ఎక్కడికీ పోలేదు, అంతకుముందు కూడా ఫోల్డర్ తెరిస్తే కనబడుతూనే ఉన్నాయి.

దీన్ని ఆయనకు మా ఆఫీసు భాషలోనే చెప్పాను. రిజిస్ట్రేషన్ చట్టం 1908 ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఒకటో నంబరు పుస్తకంలోకి ఎక్కుతాయి. ఆ పుస్తకంలో వెతుక్కోవడానికి మనుషుల పేర్ల మీద ఇండెక్స్ ఒకటి, ఆస్తి వివరాల మీద ఇండెక్స్ రెండు ఉంటాయి. ఇండెక్స్‌లో ఒక ఎంట్రీ పడకపోతే ఈసీలో, అంటే ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో, ఆ లావాదేవీ కనబడదు. అంతమాత్రాన దస్తావేజు రద్దయినట్టా? పుస్తకంలో అది అలాగే ఉంటుంది, ఇండెక్స్ సరిచేస్తే మళ్లీ దొరుకుతుంది. విండోస్ సెర్చ్ ఇండెక్స్ కూడా ఇంతే. పాత విండోస్‌లలో అది విండోస్.ఈడీబీ అనే ఒక్క ఫైలు, విండోస్ 11లో విండోస్.డీబీ. దాన్ని చెరిపేసి మొదటి నుంచి కట్టినా మన సొంత ఫైళ్లలో ఒక్క అక్షరం మారదు.

అయితే ఇండెక్స్ అన్న ప్రతి ఎర్రరునూ ఇంత తేలిగ్గా తీసుకోకూడదు. హార్డ్‌డిస్క్‌లో ఇంకో ఇండెక్స్ ఉంటుంది. ఏ ఫోల్డర్‌లో ఏ ఫైళ్లున్నాయో ఎన్‌టీఎఫ్‌ఎస్ (డిస్క్ మీద ఫైళ్లను అమర్చే విండోస్ పద్ధతి) రాసుకునే పట్టిక అది, లాగుల్లో డాలర్ ఐ30 అనే పేరుతో కనబడుతుంది. అది చెడితే ఒకటో నంబరు పుస్తకంలో పేజీలే చెదిరినట్టు. దాని గురించిన లైను అప్లికేషన్ లాగ్‌లో ఉండదు, సిస్టం లాగ్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్ పేరుతో, 55 నంబరుతో పడుతుంది.

ఇది మా షాపులోనే జరిగింది. మే నెలలో గాలివాన వచ్చి కరెంటు పోతూ వస్తూ ఉంది. పాత యూపీఎస్ బ్యాటరీ అప్పుడే చేతులెత్తేసింది. మళ్లీ ఆన్ చేస్తే ఒక గుత్త అగ్రిమెంట్ల ఫోల్డర్ తెరుచుకోలేదు. లాగ్‌లో కొత్త లైను పైన, పాతది కింద ఉంటుంది కాబట్టి కింది నుంచి పైకి చదవాలి. సిస్టం సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని చెప్పే 41 నంబరు ఒకటి, దాంతో పాటే 55. టైము చూస్తే గాలివాన టైముకు సరిపోయింది. అంటే కారణం వైరసూ కాదు, ఇంకోటీ కాదు, కరెంటు. పక్కనే డిస్క్ అనే సోర్స్‌తో 7వ నంబరు ఉందేమోనని ప్రత్యేకంగా వెతికాను. అది బ్యాడ్ బ్లాక్ గురించి, అంటే డిస్క్ మీద పాడైన చోటు గురించి, చెప్పే లైను. అది మళ్లీ మళ్లీ పడుతుంటే డిస్కే అరిగిపోతున్నట్టు, దాన్ని రిపేరుతో వేధించకుండా డేటా బయటికి తీసి కొత్తది వేసుకోవాలి. మా అదృష్టం, అది లేదు.

ముందు తెరుచుకున్నవన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేశాం. ఈ వరస ముఖ్యం. డిస్క్‌లోని తప్పులు వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రాం చెక్‌డిస్క్‌ను రిపేరు చేయమని నడిపితే అది డిస్క్ మీద రాస్తుంది, పట్టికలో తప్పనిపించిన ఎంట్రీలను కొట్టేస్తుంది. కాపీ లేకుండా అది నడిపించే ధైర్యం నాకైతే లేదు. కాపీ అయ్యాక నడిపితే తెరమీద ఇండెక్స్ ఎంట్రీ తొలగిస్తున్నాం, తల్లి లేని ఫైలును ఫలానా ఫోల్డర్‌లోకి చేరుస్తున్నాం అంటూ లైన్లు పోయాయి. చాలా అగ్రిమెంట్లు తమ ఫోల్డర్‌లోకే తిరిగొచ్చాయి. కొన్ని ఫౌండ్.000 అనే దాచి ఉంచిన ఫోల్డర్‌లో దొరికాయి. ఫార్మాట్ కొట్టి ఉంటే గుత్తదారులకు నేనేం చెప్పాలి? ఇంకో మాట, చెక్‌డిస్క్ బూట్ సమయంలో నడిస్తే ఏం చేసిందో అప్లికేషన్ లాగ్‌లోనే విన్‌ఇనిట్ పేరుతో 1001 నంబరు కింద రాసి ఉంటుంది. రిపేరు చేసినవాళ్లు నిజంగా ఏం చేశారో కస్టమరు అక్కడ చూసుకోవచ్చు.

లాగ్‌లో ఏ ఎర్రరూ పడని ఇబ్బంది కూడా ఒకటుంది. మా పాత పేజ్‌మేకర్ ఫైళ్లు అను ఫాంట్లలో ఉంటాయి. తెరమీద తెలుగే కనబడుతుంది కానీ లోపల ఉన్నది యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో, ఇంటర్నెట్‌లో వాడే తెలుగు, కాదు. యూనికోడ్‌లో ఊరి పేరు కొట్టి వెతికితే ఆ దస్తావేజు ఎప్పటికీ దొరకదు. ఇండెక్స్ చెడిందని దాన్ని రీబిల్డ్ చేస్తూ కూర్చున్న డీటీపీ వాళ్లను నేను చూశాను. ఫైలు పేరులో ఊరు, సర్వే నంబరు, సంవత్సరం రాసుకోవడం తప్ప దానికి మందు లేదు.

ఇదంతా పత్రికకు రాయడానికి అసలు కారణం ఫోన్లు. మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నామని ఫోన్ చేసి, ఈవెంట్ వ్యూయర్ తెరిపించి, ఈ ఎర్ర, పసుపు గుర్తులనే చూపించి భయపెట్టి, రిమోట్ యాప్ వేయించుకుని డబ్బు లాగే ముఠాలున్నాయి. ఇది కొత్త మోసం కాదు. 2012 అక్టోబరులోనే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటివాళ్ల మీద ఆరు కేసులు వేసింది. మనం అడగకుండా మైక్రోసాఫ్ట్ ఫోన్ చేయదు, దాని ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబరు ఉండదు. నిక్షేపంగా పనిచేసే కంప్యూటర్‌లో కూడా ఎర్ర గుర్తులుంటాయి. డిస్ట్రిబ్యూటెడ్‌కామ్ 10016 అనే లైను చాలా కంప్యూటర్లలో పదే పదే పడుతుంటుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదని మైక్రోసాఫ్టే చెప్పింది. ఎవరైనా ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మా ఊళ్లోనూ, తిరుపతిలోనూ రిపేరు షాపుల వాళ్లను ఒకటి అడుగుతున్నాను. ఫార్మాట్ చేయాలని చెప్పేటప్పుడు ఏ లాగ్‌లో, ఏ సోర్స్, ఏ నంబరు, ఏ తేదీన పడిందో జాబ్ కార్డు మీద రాసివ్వండి. రాయడానికి అర నిమిషం పట్టదు. ఆ కాగితం ఉంటే కస్టమరు ఇంకొకరిని అడిగి తెలుసుకోగలడు, డేటా కాపీ ఎవరు తీయాలో ముందే తేల్చుకోగలడు. రాసివ్వని షాపులో హార్డ్‌డిస్క్ వదిలి రావద్దని మా దగ్గరికి వచ్చే అందరికీ చెబుతున్నాను. మీ పత్రిక టెక్నాలజీ పేజీలో కొత్త ఫోన్ల ధరల పక్కన కాస్త చోటిచ్చి, వారానికి ఒక లాగ్ లైను తీసుకుని దాని అర్థం తెలుగులో వేయగలరా? మొదటి వారం 55తో మొదలుపెడితే మేలు, వానాకాలం వస్తోంది.

— డీటీపీ సెంటర్ నిర్వాహకురాలు, చిత్తూరు